పదోవాడు బస్సు దిగలేదు

నేను పనిచేసే టూర్ ఆఫీసు మస్కట్ పాత రేవు మత్రాలో ఉంది. సూక్ అనే పాత బజారు వెనక సందులో ఒక గుజరాతీ బట్టల కొట్టు మీద రెండు గదులు. మేముండేది నగరం అవతలి కొసన అల్ ఖౌద్‌లో. మా ఆయనకి అక్కడి యూనివర్సిటీలో ఉద్యోగం. కాకినాడ నుంచి వచ్చిన కొత్తలో ఇంట్లో ఊరికే కూర్చోలేక ఈ పనిలో చేరాను గాని, ఇప్పుడు ఇది లేకపోతే నాకు తోచదు. విమానం దిగిన గుంపు మళ్ళీ విమానం ఎక్కేదాకా వాళ్ళ తిండి, నిద్ర, బస్సు, అలకలు అన్నీ నా నెత్తినే. నాకు ఓపిక తక్కువని మా ఆయన అంటారు. అది నిజమే, కాని ఆ మాట టూరిస్టులకి తెలియనివ్వను.

కొన్నేళ్ళ క్రితం ఒక శీతాకాలంలో అమెరికా నుంచి ఒక గుంపు వచ్చింది. అందరూ యూదులు, చదువులు అప్పుడే అయిపోయిన వయసువాళ్ళు. వాళ్ళని వెంటబెట్టుకుని ఒక టీచరమ్మ వచ్చింది. తమ పూర్వులు ఏయే రేవుల్లో బతికారో, ఎక్కడెక్కడ వ్యాపారాలు చేశారో చూసుకుంటూ తిరగడం వాళ్ళ యాత్ర. మస్కట్‌లోనూ సొహార్‌లోనూ ఒకప్పుడు యూదు కుటుంబాలు ఉండేవట. ఇప్పుడు ఎవరూ లేరు. సొహార్ బయట కొన్ని సమాధులు మాత్రం మిగిలాయి. నేను ముందే వెళ్ళి ఆ చోటు చూసొచ్చాను. రోడ్డు పక్కన ఖాళీ నేల, తుమ్మ చెట్లు, నేలలోకి కుంగిన రాళ్ళు. చుట్టూ గోడ లేదు, బోర్డు లేదు. ఈ రాళ్ళ కోసం ఇంత దూరం రావాలా అనుకున్నాను.

వాళ్ళలో ఒకమ్మాయి మొదటి రోజే నన్ను ఆంటీ అంది. అమెరికా పిల్ల నోట ఆ మాట వచ్చేసరికి ఉలిక్కిపడ్డాను. వాళ్ళ అమ్మమ్మ బొంబాయిలో పుట్టిందట. అందుకని ఆ పిల్లకి కాస్త హిందీ ముక్కలు వచ్చు, ఏలకుల టీ అలవాటు, పెద్దవాళ్ళని పేరుపెట్టి పిలవడానికి నోరు రాదు. ఆ అమ్మమ్మ వాళ్ళ పెద్దలు బట్టల వ్యాపారం చేసుకుంటూ సొహార్‌లో ఉండి, అక్కణ్ణుంచి మస్కట్, మస్కట్ నుంచి బొంబాయి చేరారు. "మనవాళ్ళని సొహార్‌లో వదిలేసి వచ్చాం" అని ఆవిడ బతికున్నన్నాళ్ళూ అంటుండేదట. ఆవిడ ఆ ఏడాదే పోయింది. పోయేముందు మనవరాలి చేత ఒక మాట తీసుకుంది, ఎప్పటికైనా అక్కడికి వెళ్ళి వాళ్ళ కోసం ప్రార్థన చెయ్యమని. ఆ పిల్ల ఈ యాత్రలో చేరింది అందుకే. మిగతావాళ్ళు ఫోటోలకీ ఈతలకీ వచ్చినా ఆ అమ్మాయి మాత్రం రోజూ "సొహార్ ఎప్పుడు ఆంటీ?" అని అడిగేది.

బహ్లా కోట చూసి తిరిగి వస్తుంటే బస్సులో టీచరమ్మ నాకు ఆ ప్రార్థన సంగతి చెప్పింది. అది పోయినవాళ్ళ కోసం చదివేదే గాని అందులో చావు అన్న మాటే ఉండదట, మొత్తం దేవుణ్ణి పొగడటమే. అయితే ఒంటరిగా చదవకూడదు. పెద్దవాళ్ళైన యూదులు పదిమంది కూడాలి. ఒకరు చదువుతుంటే మిగతావాళ్ళు ఆమెన్ అని బదులు పలకాలి. బదులు పలికేవాళ్ళు లేకపోతే ఆ ప్రార్థన లేనట్టే. పాత పద్ధతివాళ్ళు మగవాళ్ళనే లెక్కలోకి తీసుకుంటారట, వీళ్ళకి మాత్రం ఆడా మగా తేడా లేదు.

"మరి పదిమంది ఉన్నారా?" అన్నాను. ఒకమ్మాయికి కోట మీద ఎండదెబ్బ తగిలింది, సొహార్ రాలేనంది. టీచరమ్మ లేచి నిలబడి, "నువ్వు ఒకటి కాదు, నువ్వు రెండు కాదు" అంటూ ఒక్కొక్కరినీ చూపించింది. మనుషుల్ని అంకెలతో లెక్కపెట్టకూడదట వాళ్ళలో. మా అమ్మ బియ్యం కొలిచేటప్పుడు మొదటి శేరుకి ఒకటి అనకుండా లాభం అనేది కనక నాకు అదేమీ వింతగా తోచలేదు. తనతో కలిపి సరిగ్గా పదిమంది తేలారు. ఆ అమ్మాయి ముఖం విప్పారింది.

అప్పుడు వెనక సీట్లోంచి ఒక కుర్రాడు, "నేను సమాధుల్లోకి రాలేను" అన్నాడు.

చెవికి పోగు, మోకాళ్ళ దాకా నిక్కరు, పొద్దస్తమానం ఏదో ఒకటి నములుతూ ఉండే మనిషి. ఆ గుంపులో దేవుడి ఊసు అందరికంటే తక్కువ ఎత్తేది వాడే. తీరా చూస్తే వాళ్ళది పూజారుల వంశమట. ఆ వంశంలో పుట్టినవాళ్ళు శవం దగ్గరికి గాని సమాధుల దగ్గరికి గాని వెళ్ళకూడదు. వాళ్ళ ఒకే ఒక్క పెద్ద గుడి కూలిపోయి రెండు వేల ఏళ్ళయినా ఆ నియమం పోలేదు. తిండి నియమాలు ఒక్కటీ పాటించడు గాని ఇదొక్కటి వాళ్ళ తాత దగ్గర్నుంచి పట్టుకున్నాడు.

నాకు ఒళ్ళు మండింది. అర్చకుల ఇంట పుట్టి హాస్టల్లో ఆమ్లెట్లు లాగించే కుర్రాళ్ళని మా ఊళ్ళో చూశాను. అడ్డమైనవీ తిని, తనకి నచ్చిన ఒక్క నియమం దగ్గర మడి కట్టుకుని కూర్చుంటే ఆ ఆడపిల్ల గతేం కాను? ఆ అమ్మాయి వాణ్ణి ఒక్క మాటా అనలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. అది చూస్తే నాకు ఇంకా కోపం వచ్చింది.

అయినా ఇది మనకి తెలియని సంగతా అనుకున్నాను. మైల అంటే మైలే, ఎక్కడైనా. దానికి నీళ్ళున్నాయి. మా బస్సు డ్రైవరు జగిత్యాల వైపువాడు, ఇక్కడ ఒక కంపెనీలో ఏళ్ళ తరబడి టిప్పర్లు తోలి, తర్వాత మాతో చేరాడు. అతన్ని అడిగితే, "మా దిక్కు సుత గంతే మేడం. బొందలగడ్డకు పోయొస్తె తానం జేసినంకనే ఇంట్లకు రానిస్తరు" అన్నాడు. ఇంకేం, నాకు బలం వచ్చింది. సొహార్‌లో నాకు తెలిసిన హోటల్ మేనేజరుకి ఫోన్ చేసి మర్నాడు కాసేపు వాడుకోవడానికి ఒక గది, వేణ్ణీళ్ళు సిద్ధంగా ఉంచమన్నాను. దారిలో ఆగినప్పుడు కొత్త తువ్వాలు కూడా కొన్నాను.

మర్నాడు పొద్దున్న సొహార్ బయల్దేరేముందు ఆ కుర్రాణ్ణి పక్కకి పిలిచి మొత్తం వివరంగా చెప్పాను. "నువ్వు అందరితో పాటు లోపలికి వెళ్ళు. ప్రార్థన అయ్యాక ఎవర్నీ ముట్టుకోకుండా నేరుగా వచ్చి బస్సెక్కు. నీ సీటు మీద ప్లాస్టిక్ పరిపిస్తాను. హోటల్‌కి వెళ్ళగానే తలారా స్నానం చెయ్యి. విడిచిన బట్టలు డ్రైవరు విడిగా కవర్లో కడతాడు. అంతే, నీ మైల పోయింది."

వాడు తువ్వాలు వంక చూశాడు, నా వంక చూశాడు. నవ్వు ఆపుకుంటున్నాడని తెలుస్తూనే ఉంది. తర్వాత ఆ నవ్వు కూడా పోయింది.

"ఆంటీ, నీళ్ళతో పోయేదైతే రాత్రే సముద్రంలో దూకేవాణ్ణి" అన్నాడు. ఆంటీ అనడం వాడికి అప్పటికే ఆ అమ్మాయి నుంచి అంటింది. ఆ మైల పోగొట్టడానికి పూర్వం గుడిలో ఏదో తంతు ఉండేదట. గుడితో పాటు అదీ పోయింది. ఇప్పుడు దానికి విరుగుడు లేదు.

"విరుగుడు లేదంటే ఇప్పటికే నీకు అంటి ఉండదా? ఆసుపత్రులు, రోడ్లు, ఎక్కడెక్కడ తిరిగి ఉంటావు?" అని నిలదీశాను.

"అంటుకునే ఉంటుంది. అయినా కావాలని ఇంకోసారి వెళ్ళకూడదు."

"ఒక్క అడుగేగా బాబూ. అవతల ఆ పిల్ల అమ్మమ్మకి మాటిచ్చి వచ్చింది."

"తెలుసు. రాత్రంతా దాని గురించే నిద్రపట్టలేదు." ఆ మాటన్నాక వాడి కళ్ళ కింద నలుపు నాకు కనిపించింది. నేను తువ్వాలు సంచీలో పెట్టుకున్నాను. కోపం తగ్గిందని మాత్రం చెప్పను.

సొహార్ చేరేసరికి ఎండ బాగా ఎక్కింది. ఆ నేల పక్కన కంకర మీద డ్రైవరు బస్సు ఆపాడు. అందరూ దిగారు. కుర్రాడు దిగలేదు. మిగతావాళ్ళు తుమ్మ చెట్ల మధ్యకి వెళ్ళి, అడుగు చూసుకుని వేస్తూ, ఒక్కొక్క రాయి దగ్గరా వంగి చూశారు. ఒక రాయి మీద గీతల్లాంటివేవో ఉన్నాయి. అది అక్షరమో, కాలం చేసిన గాటో ఎవరూ తేల్చుకోలేకపోయారు. ఆ అమ్మాయి దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చెయ్యి పెట్టి చాలాసేపు ఉండిపోయింది. అప్పటిదాకా రాళ్ళు అనుకున్నాను గాని, ఆ చెయ్యి చూశాక అలా అనుకోవడం నా వల్ల కాలేదు.

తొమ్మిదిమందితో ఏం చెయ్యాలో వాళ్ళలో వాళ్ళు చర్చించుకున్నారు. చివరికి టీచరమ్మ ఒక దారి చెప్పింది. బయట నిలబడ్డవాడి ముఖం లోపలివాళ్ళకి, వీళ్ళ ముఖాలు వాడికి కనిపిస్తే వాణ్ణి కూడా కలుపుకోవచ్చని పెద్దలు కొందరు ఒప్పుకున్నారట. బస్సు కిటికీ తెరిస్తే చాలు. కుర్రాడు గబగబా కిటికీ లాగి తల బయటపెట్టాడు. అమ్మాయి సంచీలోంచి చిన్న పుస్తకం తీసింది. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడే రోడ్డవతల ఖర్జూర తోటలోంచి ఒక ముసలాయన చేతికర్రతో వచ్చాడు. కాళ్ళ దాకా ఉండే తెల్లటి దిష్‌దాషా, తలకి చుట్టిన ముసర్. వయసులో బొంబాయితో వ్యాపారం చేసినవాడట, హిందీ ధారాళంగా మాట్లాడాడు. ఎవరు, ఏమిటి అని అడిగితే ఆ అమ్మాయే తన వచ్చీరాని హిందీలో, "మా అమ్మమ్మ వాళ్ళవాళ్ళు ఇక్కడున్నారు" అని చెప్పింది. ఆయన తల ఊపి, "మా నాన్న చెప్పేవాడు, వీళ్ళ జోలికి పోవద్దని. మేం పోలేదు" అన్నాడు. తర్వాత బస్సు వైపు చూసి, "దాన్ని మాత్రం అక్కణ్ణుంచి తియ్యండి. రోడ్డు వెయ్యకముందు సమాధులు అక్కడిదాకా ఉండేవి. నా చిన్నతనంలో ఆ కంకర కింద రాళ్ళు నేను చూశాను" అన్నాడు.

నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సిందా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. కుర్రాడి ముఖం పాలిపోయింది. కింద వరద వచ్చినట్టు కాళ్ళు రెండూ సీటు మీదికి లాక్కున్నాడు. డ్రైవరు పరుగెత్తుకెళ్ళి, "అయ్యో, సమాధుల మీదనే పెట్టిన్నా మేడం?" అంటూ బండి తీశాడు. రోడ్డు దాటించి తోట గోడ వారగా ఆపాడు. అక్కణ్ణుంచి చూస్తే చెట్లే గాని మనుషుల ముఖాలు ఆనవు. రోడ్డు మీద గాని రోడ్డవతల గాని నిలబడ్డవాణ్ణి ఇటు కలుపుకోకూడదట, లెక్క మళ్ళీ తొమ్మిదికి వచ్చింది.

ముసలాయన విషయం కనుక్కుని, "మా తోటలోకి రండి. అది మా తాత చదును చేసిన నేల, బావి కూడా ఆయనే తవ్వాడు. అక్కడ ఎవర్నీ పూడ్చలేదు, దానికి నాదే పూచీ. గోడ కూలిన చోట నిలబడితే ఇదంతా కనిపిస్తుంది" అన్నాడు.

టీచరమ్మకి ఆ మాట నచ్చింది. అమ్మాయికి నచ్చలేదు. "ఇంత దూరం వచ్చింది వీళ్ళ దగ్గర నిలబడి చెప్పడానికి. రోడ్డవతల నుంచి చెప్పడానికైతే మా ఇంట్లోనే చెప్పేదాన్ని కదా" అంది. ఇక్కడుంటే ప్రార్థన లేదు. అక్కడికి వెళితే వీళ్ళు పక్కన ఉండరు. నేనైతే ఏం చేసేదాన్నో నాకు ఇప్పటికీ తెలియదు.

అంతలో బస్సు తలుపు తెరుచుకుంది. కుర్రాడు దిగి, రోడ్డు దాటి, కంకర మొదలయ్యే చోటికి వచ్చి ఆగాడు.

"నేను వస్తున్నాను. ఈ ఒక్కసారికి. మొదలుపెట్టు" అన్నాడు.

రా నాయనా, ఆ ఒక్క అడుగూ వేసెయ్యి అని నేను లోపల్లోపల వాణ్ణి తోస్తూనే ఉన్నాను. కాని వాడి ముఖం చూస్తే దడుపు జ్వరం వచ్చినవాడిలా ఉంది. అడుగు ఎత్తాడు. అమ్మాయి చటుక్కున లేచి, "వద్దు, ఆగు!" అని అరిచింది. వాడు ఎత్తిన కాలు వెనక్కే పెట్టాడు.

"మా అమ్మమ్మకి ఒకరి చేత తప్పు చేయించి పెట్టే ప్రార్థన వద్దు" అందా పిల్ల. కోపంగానే అంది. తర్వాత నేల మీద నుంచి ఒక చిన్న గులకరాయి తీసి, ఆ గీతలున్న రాయి మీద పెట్టింది. వాళ్ళు పూలు పెట్టరు, రాళ్ళు పెడతారు. మిగతావాళ్ళు కూడా తలా ఒక రాయి పెట్టారు. పెట్టి ఒక్కొక్కరే అవతలికి నడిచారు. అమ్మాయి చివర వచ్చింది. రోడ్డు దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు, పెదవి పంటితో నొక్కి పట్టుకుంది. వాణ్ణి మడి కట్టుకున్నవాడనుకున్నందుకూ, ఈ పిల్లని మెతకదనుకున్నందుకూ నాలో నేనే సిగ్గుపడ్డాను.

తోటలో గోడ కూలిన చోట పదిమందీ నిలబడ్డారు. నేనూ డ్రైవరూ ముసలాయనా కాస్త వెనగ్గా ఉన్నాం. అమ్మాయి పుస్తకం తెరిచింది గాని దాన్ని చూడలేదు. కంఠతా వచ్చు. ఆ భాష నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒక వరస మీద సాగింది, మధ్యలో అందరూ ఒక్కసారిగా ఆమెన్ అనేవారు. అందరిలోకీ ఆ కుర్రాడి గొంతే గట్టిగా వినిపించింది. రోడ్డు మీద లారీ వెళుతున్నప్పుడల్లా అమ్మాయి ఆగి, అది దాటిపోయాక మళ్ళీ అందుకునేది. ముసలాయన రెండు చేతులూ చాచి పట్టుకున్నాడు. డ్రైవరు చెప్పులు విప్పేశాడు. మొత్తం చాలా కొద్ది సేపట్లో అయిపోయింది. అయిపోయాక అమ్మాయి ఏడ్చింది, తర్వాత ముక్కు తుడుచుకుని నవ్వింది. "అమ్మమ్మ ఉంటే ఇంత చిన్న ప్రార్థనకి ఇంత రభసా అనేది" అంది.

ముసలాయన మమ్మల్ని ఊరికే పోనివ్వలేదు. చాపలు పరిపించి కహ్వా కాఫీ, ఖర్జూరాలు తెప్పించాడు. అందరూ తేలికపడ్డారు. నేను కుర్రాడి పక్కన కూర్చున్నాను. పొద్దున్న అంతలా నిలదీసినదాన్ని, ఏదో ఒకటి మాట్లాడాలి కదా. నోటికొచ్చింది అడిగేశాను.

"ఏమీ అనుకోకు బాబూ. రేపు మీ ఇంట్లో అయినవాళ్ళకి ఏమైనా అయితే? అప్పుడూ రోడ్డవతలే నిలబడతావా?"

"మా తాతకి అలాగే నిలబడ్డాను. తాతలకి వెళ్ళకూడదు" అన్నాడు. "కాని అమ్మకీ నాన్నకీ వెళ్ళాలి. వెళ్ళొచ్చు అని కాదు ఆంటీ, వెళ్ళి తీరాలి. పూజారివైనా సరే, నీ నియమం పక్కన పెట్టి వెళ్ళు అని నియమమే చెబుతుంది. కొడుకైనా కూతురైనా కన్నవాళ్ళని ఒంటరిగా పంపకూడదు."

నా చేతిలో కహ్వా కప్పు అలాగే ఉండిపోయింది. ఇలాంటి చోట నేను ఇంట్లోవాళ్ళ సంగతులు ఎత్తను. ఆరోజు ఎత్తాను. మా నాన్న పోయి అప్పటికి రెండేళ్ళు కావస్తోంది. మేం ఇద్దరం ఆడపిల్లలం. కబురు తెలియగానే దొరికిన విమానం పట్టుకుని వెళ్ళాను, ఆఖరి చూపు అందుకున్నాను కూడా. పెదనాన్న కొడుకు కుండ పట్టుకుని ముందు నడిచాడు. నేను పాడె వెనకే వీధి చివర దాకా వెళ్ళాను. అక్కడ మా మేనత్త నా భుజం పట్టుకుని, "ఇహ మనం రాకూడదే అమ్మా" అంది. ఆగిపోయాను. వాళ్ళు మలుపు తిరిగేదాకా చూసి, ఇంటికొచ్చి నీళ్ళు పోసుకున్నాను. ఎవర్నీ ఎదిరించలేదు, ఎవరి మీదా కోపం తెచ్చుకోలేదు. లోకం తీరు అంతే అనుకున్నాను. ఇదంతా వాడికి ఇంగ్లీషులో చెబుతుంటే నా గొంతు నాకే కొత్తగా ఉంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా వింటున్నారని నేను గమనించలేదు.

కుర్రాడు చేతిలో ఖర్జూరం చాప మీద పెట్టి లేచాడు. అందరికంటే ముందు లేచింది వాడే. తర్వాత అమ్మాయి లేచింది. టీచరమ్మ, తక్కినవాళ్ళు కూడా లేచి, ఇందాకటి చోటికే వెళ్ళి నిలబడ్డారు. నాకు అర్థం కాలేదు.

"యూదులు కానివాళ్ళ కోసం కూడా చెప్పొచ్చు" అంది టీచరమ్మ. అమ్మాయి నా చెయ్యి పట్టుకుని తన పక్కన నిలబెట్టుకుంది. "మావాళ్ళలో పోయినవాళ్ళ పేరుతో పాటు వాళ్ళ తండ్రి పేరు కూడా చెబుతాం. మీరు చెప్పండి ఆంటీ, అప్పుడు నేను మొదలుపెడతాను."

నాన్న పేరు చెప్పాను. తాతయ్య పేరు చెప్పాను. ఎవరూ అడక్కపోయినా గోత్రం కూడా చెప్పాను. పెళ్ళయిన రోజు నుంచి నాది కాకుండా పోయిన గోత్రం అది. బడి దరఖాస్తుల దగ్గర్నుంచి ఈ దేశపు వీసా కాగితాల దాకా నాన్న పేరు ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆయన కోసం నోరు తెరిచి పలకడం మాత్రం అదే మొదటిసారి.